మిడిల్ నేమ్ చూసి నేను ఆపబోయిన పెళ్ళి

జీవితంలో ఒకే ఒక్కసారి నేను ఒక పెళ్ళి ఆపబోయాను. సినిమాల్లోలా మండపంలోకి పరుగెత్తుకెళ్ళి "ఆపండి!" అని అరిచి ఉంటే బాగుండేది, ఎవరో ఒకరు మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టేవారు. చదువుకున్నదాన్ని కదా, పద్ధతిగా ఉత్తరం రాసి ఆపాను. ఒక తెల్లకాగితం, ఒక స్టాంపు, నా సంతకం. ఆ దెబ్బకి ఇద్దరు మనుషుల మూడు నెలల ఏర్పాట్లూ, మనీలా నుంచి రావలసిన ఒక తల్లి ప్రయాణమూ ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. మొదటి నుంచీ చెబుతాను. నవ్వాలనిపిస్తే నవ్వేయండి. మా ఇంట్లో వాళ్ళు నవ్వడం ఇంకా మానలేదు.

అప్పట్లో ఐర్లండ్‌లో మేముండే బ్లాంచర్డ్స్‌టౌన్ తెలుగువాళ్ళు నన్ను "వీసా అక్క" అనేవారు. నేను లాయర్ని కాను. మందుల కంపెనీలో మామూలు ఉద్యోగిని. కాకపోతే మా ఇంటిల్లిపాది వీసా ఫారాలూ, ఆ తర్వాత పౌరసత్వం ఫారాలూ నేనే నింపాను, ఒక్కటీ తిరిగి రాలేదు. ఒకసారి జ్వరం తగ్గినవాడు మెడలో స్టెతస్కోపు వేసుకుని తిరిగినట్టు, అంతటితో నాకు చట్టమంతా వచ్చేసిందనుకున్నాను. ఎవరైనా సందేహం అడిగితే వెంటనే జవాబు చెప్పేదాన్ని కాదు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "మీ కేసు కొంచెం కాంప్లికేటెడ్" అనేదాన్ని. నిజానికి నా చూపు శుభ్రంగా ఉండేది. ఆ కళ్ళజోడు గౌరవం కోసం.

మా వీధి చివర అద్దెకుండే కిరణ్‌ది కరీంనగర్. ముప్పై దాటిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, నెమ్మదైన మనిషి. ఒక శనివారం మధ్యాహ్నం జోసెలిన్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు. జోసెలిన్ ఫిలిప్పీన్స్ అమ్మాయి, ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. నాతో ఇంగ్లీషులో మాట్లాడుతూనే "ఆతే" అని పిలిచేది. వాళ్ళ భాషలో అక్క అని అర్థం.

"అక్కా, మేం పెండ్లి చేస్కుంటున్నం," అన్నాడు కిరణ్. "మూడు నెల్ల ముందుగాల రిజిస్ట్రార్‌కు నోటీస్ ఇయ్యాల్నట. జర ఆ ఫారం నువ్వే నింపిపెట్టరాదూ."

"మీ అమ్మగారు ఒప్పుకున్నారా?"

"ఆర్నెల్లు పట్టింది. నిన్ననే జోసెలిన్‌తోని ఫోన్ల మాట్లాడింది. ఆమెకు ఇంగ్లీష్ రాదు, ఈమెకు తెలుగు రాదు. గంటసేపు ముచ్చట పెట్టుకున్నరు."

"మా అమ్మ కూడా వస్తోంది, ఆతే," అంది జోసెలిన్. "మొదటిసారి వీసా ఇవ్వలేదు. ఈసారి ఇచ్చారు, నెల రోజులకి."

ఫారం నింపాను. పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలు ఫారంలోకి ఎక్కించడమే కాబట్టి బుర్రతో పని పడలేదు. వాళ్ళిద్దరూ రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్ళి, అడిగిన కాగితాలన్నీ చూపించి వచ్చారు. పెళ్ళి తేదీ ఖాయమైంది. అంతా సవ్యంగా ఉంది. అంతా సవ్యంగా ఉన్నచోట వీసా అక్కకి తోచదు కదా.

రెండు నెలలు గడిచాక ఒక సాయంత్రం, కుక్కర్ కూత వేసేలోపు ఇంటర్నెట్‌లో ఏదో చదువుతున్నాను. ఫిలిప్పీన్స్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళకి పుట్టింటిపేరు మిడిల్ నేమ్‌గా మారి, చివర భర్త ఇంటిపేరు వచ్చి చేరుతుందని ఒకచోట ఉంది. ఆ దేశంలో మామూలు జనానికి విడాకుల చట్టమే లేదని ఇంకొకచోట ఉంది. ఆ కిందే పెళ్ళికాని అమ్మాయిల పేర్ల గురించి కూడా ఏదో ఉంది కానీ, ఈలోగా మూడో కూత వచ్చేసింది.

స్టవ్ కట్టేస్తుండగా ఎక్కడో చురుక్కుమంది. పరుగున వెళ్ళి జోసెలిన్ పాస్‌పోర్టు కాపీ తీశాను. ఇంటిపేరు: డెలా క్రూజ్. మిడిల్ నేమ్: విల్లనువేవా.

"ఏవండీ! జోసెలిన్‌కి ఇదివరకే పెళ్ళయిందండీ!"

మా ఆయన కంచం ముందు కూర్చుంటున్నారు. "ఎవరు చెప్పారు?"

"పాస్‌పోర్టే చెబుతోంది. విల్లనువేవా పుట్టింటివాళ్ళు. డెలా క్రూజ్ మొగుడు. అక్కడ విడాకుల్లేవు. అంటే ఆ మొగుడు ఇప్పటికీ మొగుడే!"

"ఆ అమ్మాయిని అడిగావా?"

"బాగుంది. 'నీకు మొగుడున్నాడా తల్లీ' అని అడగమంటారా?"

"అడిగితే రెండు నిమిషాల్లో తేలిపోతుందిగా," అని ఆయన పప్పు కలుపుకున్నారు. ఆయన ఉద్యోగంలో పైకి రాకపోవడానికి కారణం ఈ తొందరపాటేనని అప్పట్లో నా అభిప్రాయం.

నేను ఆధారాలు సేకరించాను. జోసెలిన్ ఫేస్‌బుక్‌లో ఒక ఫోటో ఉంది. ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసి ఒక ఆజానుబాహుడు. పేరు రొమ్మెల్ డెలా క్రూజ్. ఇంకేం కావాలి, మీరే చెప్పండి!

ఆ శనివారం జోసెలిన్ తను వండిన నూడుల్స్ గిన్నె పట్టుకొచ్చింది. వంటింట్లో కూర్చోబెట్టి, నేను పళ్ళేలు సర్దుతూ, ఏమీ ఎరగనట్టు మొదలుపెట్టాను.

"రొమ్మెల్ ఎలా ఉన్నాడు?"

ఆమె ముఖం వికసించింది. "రొమ్మెల్ నీకు తెలుసా? అత్లోన్‌లో వృద్ధుల సంరక్షణ కేంద్రంలో చేస్తున్నాడు."

ఐర్లండ్‌లోనే ఉన్నాడు! పళ్ళెం కింద పెట్టేశాను. "ఈ పెళ్ళికి అతను ఒప్పుకున్నాడా?"

"మొదట రెండు వారాలు నాతో మాట్లాడలేదు, ఆతే. ఇప్పుడు ఫరవాలేదు. తనే నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కిరణ్‌కి అప్పగిస్తానంటున్నాడు."

"అతనే... అప్పగిస్తాడా?"

"ఇంకెవరున్నారు?"

"మీరిద్దరూ ఎన్నాళ్ళు కలిసి ఉన్నారు?"

"నేను ఇక్కడికి వచ్చేదాకా ఒకే ఇంట్లో. ఇప్పటికీ నా బట్టలు కొన్ని అతని గదిలోనే ఉన్నాయి."

"కిరణ్‌కి ఇదంతా తెలుసా?"

"ఎందుకు తెలీదు? ఇద్దరూ ఆదివారాలు బాస్కెట్‌బాల్ ఆడతారు."

ఇంత విశాల హృదయం గల భర్తని నేను పుస్తకాల్లో కూడా చూడలేదు. "అతను నీకేమవుతాడు?" అని రెండు మాటలు అడిగితే కథ అక్కడితో అయిపోయేది. అంత చిన్న ప్రశ్న అడగడానికి వీసా అక్క ఎందుకు?

కిరణ్‌కి చెబుదామంటే నోరు రాలేదు. చెప్పకుండా ఉందామంటే, రేపు రెండో పెళ్ళి నేరమని గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, వచ్చి పెళ్ళికొడుకుని జీపెక్కించే దృశ్యం కళ్ళ ముందు ఆడింది. అప్పుడు చట్టమే నాకు దారి చూపింది. పెళ్ళికి అడ్డంకి ఉందని తెలిసినవారు ఎవరైనా రిజిస్ట్రార్‌కి ఉత్తరం రాయవచ్చు. రాశాను. నా పేరు గోప్యంగా ఉంచమని కోరాను. పోస్టులో వేసి, ఒక ప్రాణం కాపాడినంత తృప్తిగా ఇంటికొచ్చి కాఫీ తాగాను.

రెండు వారాల తర్వాత కిరణ్, జోసెలిన్ మా గుమ్మంలో నిలబడ్డారు. ఇద్దరి ముఖాల్లోనూ నెత్తురు చుక్క లేదు.

"అక్కా, ఎవడో మా పెండ్లి మీద అబ్జెక్షన్ పెట్టిండు," అన్నాడు కిరణ్. "ఆమెకు ముందే పెండ్లయిందని రాసిండట. ఆ సంగతి తేలేదాంక ఆగాలంటున్నరు."

"అమ్మ వచ్చే వారం వస్తోంది," అంది జోసెలిన్. "నెల దాటితే వీసా అయిపోతుంది. పెళ్ళి చూడకుండానే వెళ్ళిపోవాలి."

"జవాబు నువ్వే రాయాలె అక్కా. నీ అంత మంచిగ ఇంకెవ్వరు రాయరు."

నేను రాసిన ఉత్తరానికి నేనే జవాబు రాయాలి! కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాను. చాలాసేపు తుడిచాను.

కిరణ్ రిజిస్ట్రార్ పంపిన కాగితం విప్పాడు. ఆ అజ్ఞాతవ్యక్తి రాసిన ముక్కలు కొన్ని అందులో ఎత్తి రాశారు. "సూడక్కా, వీని భాష. 'విత్ డ్యూ రెస్పెక్ట్ అండ్ హంబుల్ సబ్‌మిషన్' అట. ఆఖరికి 'కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్' అట. ఐర్లండ్ల ఎవడు రాస్తడు ఇట్ల? వీడు మనోడే!"

"అలా చాలామంది రాస్తారు," అన్నాను నీరసంగా.

సోఫాలో మా ఆయనకి ఉన్నట్టుండి దగ్గు తెర వచ్చింది. పేపర్ ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. ఆ పేపర్ వణుకుతోంది.

"అసలు ఆ రొమ్మెల్..." అని గొణిగాను.

"రొమ్మెల్‌కేమైంది?" అన్నాడు కిరణ్. "నా బావమరిది. ఈమె సొంత అన్న."

"మరి విల్లనువేవా?"

"అది మా అమ్మ పుట్టింటిపేరు, ఆతే," అంది జోసెలిన్. "మా దేశంలో పుట్టిన ప్రతి బిడ్డకీ తల్లి పుట్టింటిపేరే మిడిల్ నేమ్. పెళ్ళయ్యాక మారుతుంది, ముందు కాదు." అని ఆగింది. నా వైపు నిదానంగా చూసింది. "ఆ శనివారం నువ్వు రొమ్మెల్ గురించి అన్ని ప్రశ్నలు ఎందుకు అడిగావు?"

దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు.

"నేనే రాశాను," అన్నాను.

కిరణ్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నిన్ను అక్కా అన్న గదా," అని కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు. జోసెలిన్ గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, "అడిగితే చెప్పేదాన్ని, ఆతే," అంది. ఇంత హాస్యంగా చెబుతున్న ఈ కథలో నాకు ఇప్పటికీ నవ్వు రాని చోటు అదొక్కటే.

మర్నాడు సెలవు పెట్టి రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళాను. రిజిస్ట్రార్‌ది నెరిసిన జుట్టు, ప్రశాంతమైన ముఖం, ఆవిడ ఎదురుగా నా ఉత్తరం.

"నేను పొరబడ్డాను. అభ్యంతరం వెనక్కి తీసుకుంటాను. అది వాళ్ళమ్మ ఇంటిపేరు."

"మాకు తెలుసు," అందావిడ. "పుట్టిన సర్టిఫికెట్‌లో ఉంది. పెళ్ళి కాలేదని వాళ్ళ ప్రభుత్వం ఇచ్చిన సర్టిఫికెట్ కూడా ఉంది. మేం మొదట అడిగేది దాన్నే."

అలాంటి సర్టిఫికెట్ ఒకటి ఉంటుందని వీసా అక్కకి తెలియదు.

"వెనక్కి తీసుకున్నా నేను ఫైలు చూసి ముగించాలి. వాళ్ళిద్దరి తప్పేమీ లేదు కాబట్టి ఈ వారంలో ముగిస్తాను. ముందు మీ గుర్తింపు కాగితం ఇవ్వండి."

ఒక్క కాగితం అడిగితే ఒక్కటే ఇచ్చే రకాన్నా నేను? ఇంటిల్లిపాది పాస్‌పోర్టులున్న ఫైలు తీసి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ తాపీగా ఒక్కొక్కటే తిప్పింది.

"మీ ఇంటిపేరు గుత్తుల."

"అవును."

"మీ భర్త ఇంటిపేరు పెంటపాటి."

"అవును. నాది పెళ్ళికి ముందు తీసిన పాస్‌పోర్టు పేరు. అదే కొనసాగించాను. గుత్తుల మా నాన్నగారి..." అంటుండగానే నేను ఉత్తరంలో ఏం రాశానో గుర్తొచ్చింది.

ఆవిడ నా ఉత్తరం వైపు చూసింది, నా వైపు చూసింది. మూడో పాస్‌పోర్టు తెరిచింది. అది మా అమ్మాయిది. పేరు సాహితీశ్రీ. పుట్టినప్పుడు నమోదు ఫారంలో పేరుని రెండు ముక్కలు చేసి రాసింది నేనే. దాంతో "శ్రీ" ఇంటిపేరు గడిలో స్థిరపడిపోయింది.

ఆవిడ కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని చాలా మర్యాదగా అడిగింది. "మీ ఉత్తరంలోని తర్కం ప్రకారం మీరు మిస్టర్ గుత్తుల భార్య. మిస్టర్ పెంటపాటి ఎవరో నేను అడగను. కానీ ఈ మిస్టర్ శ్రీ ఎవరు?"

మా ఇంట్లో ఉండేది ముగ్గురం. నా తర్కం ప్రకారం ఆ ముగ్గురిలో ఎవరికీ ఎవరితోనూ సంబంధం లేదు.

"గ్రాండ్," అని ఆవిడ ఫైలు మూసి నా చేతికిచ్చింది. ఐర్లండ్‌లో ఆ మాటకి బాగుంది అని అర్థం. ఇక దయచేయండి అని కూడా.

అన్న మాట ప్రకారం ఆ వారంలోనే విచారణ ముగిసింది. అనుకున్న తేదీకే పెళ్ళి జరిగింది. మనీలా నుంచి వాళ్ళమ్మ, కరీంనగర్ నుంచి కిరణ్ వాళ్ళమ్మ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మొదటి వరసలో కూర్చున్నారు. నన్ను పిలవరనే అనుకున్నాను. జోసెలిన్ స్వయంగా వచ్చి పిలిచింది, కిరణ్ "రా అక్కా" అన్నాడు. శిక్ష మాత్రం తప్పలేదు. నా కుర్చీ రొమ్మెల్ కుర్చీ పక్కన వేశారు. చెల్లెల్ని అప్పగించి వచ్చి కూర్చున్న ఆ ఆజానుబాహుడు నాకు చెయ్యి అందించి, "నేను మాజీ భర్తని," అని పరిచయం చేసుకున్నాడు. ఆ రోజు హాల్లో కనిపించిన ప్రతివాళ్ళకీ అలాగే పరిచయం చేసుకున్నాడు.

పెళ్ళి జరిపించింది ఆ రిజిస్ట్రారే. ఈ పెళ్ళికి ఏ అడ్డంకీ లేదని వధూవరులు ప్రకటించాల్సిన ఘట్టం వచ్చింది. ఆవిడ ఆగి, కళ్ళజోడు పైనుంచి హాలంతా కలియజూసి, చూపు నా మీద నిలిపింది. హాలంతా వెనక్కి తిరిగింది. ఇద్దరమ్మలూ తిరిగారు. నేనెక్కడ లేచి నిలబడతానోనని మా ఆయన నా కొంగు చివర పట్టుకుని గట్టిగా కూర్చున్నారు.

కాబట్టి యావన్మంది పాఠకులకూ ఇందుమూలంగా ప్రమాణపూర్వకంగా తెలియజేయడమేమనగా: ఇకపై నేను ఎవరి మిడిల్ నేమూ చదవను. చట్టం గురించి అడగవచ్చినవారికి టీ ఇచ్చి లాయరు దగ్గరికి పంపుతాను. మనుషుల సంగతి తెలియాలంటే మనుషుల్నే అడుగుతాను. ఏ పెళ్ళిలోనైనా "అడ్డంకి" అన్న మాట చెవిన పడితే, ఆ క్షణమే నోట్లో ఒక లడ్డూ మొత్తం పెట్టుకుంటాను. నా హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ రెండుంటాయి.