ఏడు కాళ్ల సాలీడు

ఈ సంగతి డైరీలో రాసుకున్నానే తప్ప ఎవరికీ చెప్పలేదు. దయ్యాలను, గాలి సోకడాన్ని నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను.

ఎనభైల మొదట్లో ఆత్మకూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివేదాన్ని. ఆదివారాలకు ఉదయగిరిలో మా ఇంటికి వచ్చేదాన్ని. జువాలజీ రికార్డు కోసం ఒక్కొక్కరం ఒక జీవిని పట్టి, బొమ్మ గీసి, వర్గీకరణ రాసివ్వాలి. సార్ సంతకం లేకపోతే ప్రాక్టికల్ పరీక్షకు కూర్చోనివ్వరు.

మా వంటింటి గోడ మీద అరచెయ్యంత సాలీడు ఉండేది. మా ఇంట్లో సాలీడును చంపరు. గుహలో ఉన్న ప్రవక్త వారిని శత్రువుల కంటపడకుండా గూడు అల్లి కాపాడింది సాలీడేనని మా నాయనమ్మ, దాదీ, చెప్పేది. నేను లైబ్రరీ పుస్తకం చూసి వచ్చాను. ఇది గూడు అల్లదు, పరుగెత్తి బొద్దింకలను పట్టుకుంటుంది. పేరు హెటెరోపోడా వెనటోరియా. గూడు అల్లేవాటిది వేరే కుటుంబం కాబట్టి దీన్ని చంపితే తప్పులేదని దాదీకి వివరించాను.

"ఆ ముక్క దానికి తెలుసా?" అంది దాదీ.

అయినా పట్టి స్పిరిట్ సీసాలో వేశాను. ఎడమవైపు రెండో కాలు మొదలంటా లేదు. "కుంటిదాన్నే పట్టినావు గదే," అని దాదీ కూడా అంది. కిటికీ దగ్గర కూర్చుని ఏడు కాళ్లూ గీశాను. మూత చుట్టూ మైనం కరిగించి పోసి, ఆరకముందే బొటనవేలు ఒత్తాను. సోమవారం బస్సులో సీసాను ఒళ్లోంచి దించలేదు.

ల్యాబ్‌లో సార్ రికార్డు చూసి, సీసా చూసి, నన్ను పిలిచారు. సీసాలో ఎనిమిది కాళ్లున్నాయి. మూడుసార్లు లెక్కపెట్టాను. ఎడమవైపు రెండో కాలు మిగతావాటంత పొడుగే ఉంది.

ఒక కాలు నేనే తినేసి ఉంటానని వెనక బెంచీ వాళ్లు నవ్వారు. సార్ నవ్వలేదు. కళ్లతో చూసిందే గీయాలి, బొమ్మ దిద్దితే సంతకం పెడతానన్నారు. రబ్బరు పట్టుకుని నిలబడ్డాను. దిద్దితే పరీక్ష దక్కుతుంది, కానీ ఆదివారం నేను చూసింది అబద్ధమైపోతుంది. చివరికి బొమ్మ కింద రాశాను: పట్టిన రోజు ఏడు. ఈరోజు ఎనిమిది.

సార్ అది చదివి, భూతద్దంతో మైనం చుట్టూ చూశారు. ఎక్కడా పగుల్లేదు. నా బొటనవేలు చూపించమని, ముద్రతో సరిపోల్చుకున్నారు.

బతికున్న సాలీడు పొర విడిచినప్పుడు పోయిన కాలు మళ్లీ వస్తుందట. చచ్చినదానికి వస్తుందని ఏ పుస్తకంలోనూ లేదు. ఇన్నేళ్లుగా వెతుకుతూనే ఉన్నాను.

ఆ వారమే సార్‌కు బదిలీ అయింది. నాతో ఆయన ఆఖరుగా మాట్లాడింది సంతకం పెట్టి రికార్డు చేతికిస్తూనే.

"నువ్వు అబద్ధం చెప్పే పిల్లవి కాదమ్మా. అదే నాకు భయంగా ఉండాది."