పప్పు ఉడకని ఇళ్ల పటం

ఎవరింట్లో పప్పు ఉడకడం లేదో తెలుసుకుంటే మా వ్యాపారం నిలబడుతుందని కనిపెట్టింది నేనే. ఆ తెలివికి అప్పట్లో ఎంత మురిసిపోయానో తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

మా ఊరు పాశమైలారం దారిలో ఉంది. మా ఆయన మందుల ఫ్యాక్టరీలో పని మానేసి, మా చెలక పొలంలోని బోరు మీద నీళ్ల ప్లాంటు పెట్టాడు. బోరు నీళ్లను మిషన్‌లో వడకట్టి, క్యాన్లలో నింపి, ఆటోలో ఇంటింటికీ వేసేవాళ్లం. మొదటి వేసవి బాగానే గడిచింది. వానలు పడగానే సగం ఇళ్లవాళ్లు క్యాన్లు వద్దన్నారు. దానికి తోడు పటాన్‌చెరు వైపు నుంచి ఇంకో రెండు నీళ్ల ఆటోలు మా ఊళ్లోకి రావడం మొదలైంది. మా ఆయన తల పట్టుకుని కూర్చుంటే నాకు చిరాకేసేది. ఊరంతా గుడ్డిగా తిరిగితే ఎవరు కొంటారు, నీళ్లు ఎవరికి కావాలో ముందు తెలుసుకోవద్దా అని పోట్లాడాను.

ఎలా తెలుసుకోవాలన్నది మా అత్తమ్మ మాటల్లో దొరికింది. ఎగువ వాడలో తన చెల్లెలి ఇంట్లో కుక్కర్ ఎన్ని విజిళ్లు వేసినా కందిపప్పు మెత్తబడటం లేదని, బోరు నీళ్లు చెడిపోయినట్టున్నాయని ఆమె చెప్పింది. మా దగ్గర నల్లా నీళ్లు ఒకరోజు వస్తే రెండు రోజులు రావు, వంటకు బోరే దిక్కు. నీళ్లెలా ఉన్నాయని మగవాళ్లను అడిగితే బాగానే ఉన్నాయంటారు. పొయ్యి దగ్గరుండే ఆడవాళ్లను పప్పు సంగతి అడిగితే నిజం బయటికొస్తుంది. అందుకని క్యాన్ల మాట ఎత్తకుండా వాకిట్లో కూర్చుని, మీ ఇంట్లో పప్పు ఉడుకుతుందా అని మాట కలిపేదాన్ని. ఉడకడం లేదన్న ఇంటికి మర్నాడే ఒక క్యాను ఉచితంగా ఇచ్చేవాళ్లం. మా నీళ్లతో ఒకసారి పప్పు ఉడికాక ఆ ఇల్లు మాదే.

పాత క్యాలెండర్ వెనకవైపు ఊరి పటం గీసి, పప్పు ఉడకని ప్రతి ఇంటి మీదా ఒక ఎర్ర బొట్టుబిళ్ళ అంటించాను. నా నుదురు బోసిగా ఉంది కానీ కాగితానికి ముత్తైదువ కళ వచ్చిందని అత్తమ్మ ఎగతాళి చేసేది. బిళ్ళలు మందుల ఫ్యాక్టరీ గోడల పక్కన మొదలై, దాని మురుగు కలిసే వాగు వెంట ఒక్కో వాడా దాటుతూ కిందికి దిగుతున్నాయి. రేపు ఏ వాడలో నీళ్లు చెడతాయో నాకు ఇవాళే తెలిసిపోయేది. చెడకముందే వెళ్లి అక్కడివాళ్లను మచ్చిక చేసుకునేదాన్ని. పోటీ ఆటోలు వచ్చేసరికి మా క్యాన్లు గడపల్లో ఉండేవి. కొత్త ఇళ్లు లేస్తున్న ఇంద్రేశంలో రెండో ప్లాంటు పెట్టాలని కూడా అనుకున్నాం. దాచడం ఎందుకు, కొత్త బిళ్ళ అంటించిన ప్రతిసారీ నాకు సంతోషమే కలిగింది.

అత్తమ్మకు చదువు రాదు. ఒకరోజు పటం ముందు నిలబడి, బిళ్ళల మీద వేలు పెట్టి పైనుంచి కిందికి జరుపుకుంటూ వచ్చింది. వేలు ఆగిన చోటికి నాలుగు వేళ్ల దూరంలో, వాగు పక్కనే, నేను నీలం పెన్నుతో గీసిన మా చెలక ఉంది.

“గివన్నీ మన దిక్కే దిగుతున్నయ్ గదా బిడ్డా,” అంది.

మన బోరు చాలా లోతని చెప్పాను. లోతుకూ దానికీ సంబంధం ఏమిటో నాకూ తెలియదు. ఆ రోజు నుంచి పటం చూడాలంటే భయం, చూడకుండానూ ఉండలేకపోయేదాన్ని.

ఊరికంతా క్యాన్లు వేసే మేము మా ఇంట్లో మాత్రం వాటితో వండేవాళ్లం కాదు. మిషన్ నీళ్లకు రుచి ఉండదని అత్తమ్మ పట్టు. ఆమె బోరు నీళ్లే నేరుగా పట్టుకొచ్చి వండేది. ఒక ఉదయం మా కుక్కర్ ఎనిమిది విజిళ్లు వేసింది. మూత తీస్తే పప్పు గింజలు గింజలుగానే ఉంది. అత్తమ్మ అందులోంచి ఒక గింజ తీసి నా అరచేతిలో పెట్టింది.

మా ఆయన నీళ్లు పరీక్షించే మీటరు తెచ్చి వడకట్టిన నీళ్లలో ముంచాడు. అంకె బాగానే చూపిస్తోందన్నాడు. ఆ మీటరు నీళ్లలో ఉప్పును తప్ప మందుల విషాన్ని పసిగట్టదని నాకు చెప్పింది ఆయనే. మన మిషన్ ఆ విషాన్ని ఆపుతుందో లేదో తెలియాలంటే నీళ్లు ల్యాబ్‌కు పంపుదామన్నాను.

“పంపినవంటే ఊరంత తెలుస్తది. జెర ఆగు,” అన్నాడు.

ఆ రోజే అంగన్‌వాడీకి మొదటిసారి క్యాన్లు వేయాలి. దాని కోసం నెల రోజులు ఆ టీచరమ్మ చుట్టూ తిరిగింది నేనే. ఏదో ఒకటి చెప్పి క్యాన్లు వెనక్కి తెద్దామనే ఆటో ఎక్కాను. అక్కడ పిల్లలు గ్లాసులు పట్టుకుని చాప మీద వరసగా కూర్చుని ఉన్నారు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన క్యాన్లు దించేశాడు. టీచరమ్మ నవ్వుతూ నా దగ్గరికి వచ్చింది.

“ఊరందరినీ అడుగుతవ్ గదా అక్కా. మీ ఇంట్ల పప్పు ఉడుకుతదా?”

మా ఆయన క్యాను మూత మీద చెయ్యి ఆపి నా వైపు చూశాడు.

“ఉడుకుతది,” అన్నాను.

అంగన్‌వాడీ ఆయా మొదటి గ్లాసు నింపింది. చివరి పిల్ల తాగేదాకా నేను అక్కడే నిలబడ్డాను. ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ ఆ పప్పును పారబోసి, మా క్యాను నీళ్లతో వేరే పప్పు పొయ్యి మీద పెట్టింది. మూడు విజిళ్లకే మెత్తగా ఉడికింది. ఆ పూట మా ముగ్గురిలో ఎవరమూ దాన్ని ముట్టలేదు.