ఉప్పుకు మైల లేదు

మా వియ్యపురాలు పోయారని అమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను పెసరపప్పులో రాళ్ళు ఏరుతున్నాను. "అత్తయ్య నిద్రలోనే పోయారమ్మా" అంది. వస్తున్నానని చెప్పి ఫోన్ పెట్టేశాను. చేటలో మిగిలిన పప్పు కూడా ఏరి, డబ్బాలో పోసి, మూత పెట్టాక చీర మార్చుకున్నాను. ఎందుకలా చేశానో తెలియదు. ఏడుపు ఇప్పటికీ రాలేదు.

ఆవిడ కాలేజీలో సూక్ష్మజీవుల పాఠం చెప్పి రిటైరయ్యారు. నేను ఓడల సరుకు లెక్కలు చూసే ఆఫీసులో చేసి రిటైరయ్యాను. పిల్లల పెళ్ళి మాటలకని మొదటిసారి గాజువాకలో వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, వంటింటి కిటికీలో పచ్చడి జాడీల పక్కన ఒక గాజు సీసా కనిపించింది. లోపల గులాబీ రంగు నీళ్ళు.

"షర్బతా అండీ?" అని అడిగాను.

"తాగెయ్యకండి వదినా, పెళ్ళి ఆగిపోద్ది" అన్నారు. అప్పటికి సంబంధమే ఖాయం కాలేదు. నన్ను వదినా అనేశారు.

సీసాలో ఉన్నవి ఆవిడ నౌపడ ఉప్పు మళ్ళ నుంచి తెచ్చుకున్న జీవులు. కంటికి కనిపించవు, ఆ రంగు మాత్రం వాటిదే. ఆర్కియా అంటారు. ఎవరైనా బాక్టీరియా అంటే ఒప్పుకునేవారు కాదు. "మిమ్మల్ని మీ తోటికోడలి పేరెట్టి పిలిస్తే పలుకుతారేటి?" అనేవారు. ఉప్పు గడ్డకట్టే నీటిలో, సలసల మరిగే ఊటల్లో, ఘాటైన ఆమ్లంలో, ఇతర ప్రాణులు నిలవలేని చోట ఈ జాతివి నిలుస్తాయట. "ఉప్పునీళ్ళలో ఎలా బతుకుతాయండీ?" అంటే, "ఉప్పునీల్లు అనకండి వదినా, ఉప్పనండి. కాస్త తడిసింది, అంతే" అని ముందు నా మాట సరిచేసేవారు. తర్వాత గోడ దగ్గర మొదలుపెట్టేవారు. ఒక్కో జీవీ ఒకే కణం, దాని చుట్టూ ఉండే గోడ.

సాయంత్రాలు బీచ్ రోడ్డులో నడిచేవాళ్ళం. ఫుట్‌పాత్ మీద ఇసుకలో పరిచిన ఆరు మూలల రాళ్ళు కనిపిస్తే ఆవిడ ఆగి చెప్పుతో తట్టేవారు.

"ఇదిగో నా గోడ. సిమెంటు లేదు సూడండి. ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి."

"సిమెంటు లేకపోతే లేచిపోవూ?"

"అందుకే పక్కన అంచు కట్టేది. నావాటికి ఉప్పే ఆ అంచు."

మామూలు సూక్ష్మజీవులకుండే గట్టి అల్లిక గోడ వీటికి లేదు. ఒకే రకం ప్రొటీను ముక్కలు ఆ రాళ్ళలాగే సర్దుకుని, ఒక్క వరుస మందాన కణమంతా కప్పుతాయి. చుట్టూ చిక్కటి ఉప్పు ఉన్నంతసేపే ఆ పట్టు. ఇదంతా వంగి, రాయి తట్టి తట్టి చెబుతుంటే మొక్కజొన్న పొత్తులమ్మే ఆవిడ నాతో, "ఏటమ్మా, అమ్మగారికి రాయి గాని తగిలిందా? కాలు సూడండి ముందు" అంది. మా వియ్యపురాలు నవ్వుకుని ఆవిడకూ మొదటినుంచి చెప్పారు.

రుజువు చూడనిది నేను నమ్మను. అది తెలిసి ఒకరోజు వంటింటి బల్ల మీద రెండు గాజు గ్లాసులు పెట్టారు. ఒకదాంట్లో చిక్కటి ఉప్పునీరు, రెండోదాంట్లో కుళాయి నీరు. సీసాలోంచి రెండింట్లోనూ కాస్త కాస్త పోశారు. ఉప్పునీటిలో గులాబీ మసక అలాగే నిలిచింది. కుళాయి నీటిలో మసక విడిపోయి, గ్లాసు వెనక ఉన్న క్యాలెండరు అంకెలు కనిపించాయి.

"ఏమైందండీ?"

"గోడ ఊడిపోయింది వదినా. నీల్లు లోపలికి తోసుకొచ్చి పగిలిపోయాయి. మనకి మంచినీల్లు గానీ వీటికి కాదు."

మావారు పోయినప్పుడు వచ్చినవాళ్ళంతా నన్ను పట్టుకుని ఏడవమన్నారు. ఏడిస్తే తేలికవుతుందన్నారు. ఆవిడ నా పక్కన చాప మీద కూర్చుని, "ఆవిణ్ణి అలా వదిలీండి. కొందరికి మంచినీల్లు పడవు" అన్నారు. సాయంత్రందాకా అలాగే కూర్చున్నారు. ఆ మాటకు నేను థాంక్స్ చెప్పలేదు. మా మధ్య ఆ అలవాటు లేదు.

ఆవిడ పెద్దకర్మకు ముందు ఇల్లు శుద్ధి చేశాం. మైల విషయంలో రెండు కుటుంబాలవాళ్ళూ నన్నే అడుగుతారు. నిలవ నీళ్ళన్నీ పారబోయమని నేనే చెప్పాను. బిందెలు, బకెట్లు, ఫ్రిజ్‌లో సీసాలు అన్నీ ఖాళీ అయ్యాయి. అప్పుడు ఎలమంచిలి నుంచి వచ్చిన మా వియ్యపురాలి ఆడపడుచు కిటికీ దగ్గర ఆగారు.

"ఇదేటమ్మా ఈ ఎర్రనీల్లు? సావింట్లో నిలవ నీల్లుంచుతారేటి? పారబొయ్యండి."

అమ్మాయి సీసా తీసుకుని సింకు దగ్గరికి వెళ్ళి, మూత తిప్పి నా వంక చూసింది. అందరూ చూశారు. నియమం తప్పడం నాకు చేతకాదు. ఈ వయసులో నేర్చుకోను కూడా.

"ఉప్పుకు మైల లేదు" అన్నాను.

"ఉప్పేటండీ, కళ్ళెదురుగా నీల్లు కనిపిస్తంటే?"

"ఉప్పేనండీ. కాస్త తడిసింది, అంతే."

పెద్దావిడ సీసాను, నన్ను మార్చి మార్చి చూశారు. "మీరే అంటే ఇంకేటుంది. కడిగయినా పెట్టండి" అన్నారు.

అమ్మాయి కుళాయి విప్పి, తెరిచిన సీసా మూతిని ధార కిందికి పోనిచ్చింది. చెయ్యి పట్టుకున్నాను. గట్టిగానే పట్టుకున్నట్టున్నాను, "అమ్మా, గాజులు" అంది. సీసా తీసుకుని, మూత బిగించి, పైన పొడిగుడ్డతో తుడిచి, నా సంచిలో పెట్టుకున్నాను.

ఇప్పుడది మా వంటింటి కిటికీలో ఉంది. లోపలివి బతికున్నాయో లేదో నాకు తెలియదు. తెలుసుకోవడానికి నాకు తెలిసిన దారి ఆ రెండు గ్లాసులే. లెక్క తేలకుండా నేను దేన్నీ వదలను. ఇది తేల్చదలచుకోలేదు.

మా వీధిలో బొగ్గు దుమ్ము ఎక్కువ. కిటికీ పొద్దున, సాయంత్రం తుడుస్తాను. సీసా మూత కింద ఉప్పు పైకి పాకి, లేత గులాబీ రంగులో గట్టిపడింది. రోజూ గుడ్డ అక్కడిదాకా వెళుతుంది. దాని చుట్టూ తుడిచి వచ్చేస్తాను.