పక్కింటి అత్త పుస్తకాలు

ముంబయి కామాటిపురాలో, వరస గదుల చాల్‌లో మా పక్కింటి అత్తకు చదువు రాదు. అయినా కాంక్రీటు మీద ఇంగ్లీషులో రాసిన లావుపాటి పుస్తకమొకటి పక్కనున్న నాగ్‌పాడాలో కొనుక్కొచ్చి పెట్టుకుంది. అందులో పగిలిన స్లాబు బొమ్మ ఉందని కొన్నదట. మేస్త్రీ పని చేసే ఆమె భర్త, కొత్తగా పోసిన స్లాబు కూలి దాని కిందే పోయాడు.

నేను సివిల్ ఇంజనీరింగ్‌లో చేరానని తెలియగానే పిలిచి ఛాయ్ ఇచ్చింది. ఆ పేజీ తీసి, కొంగుతో బొమ్మను తుడిచి నా ముందు పెట్టింది.

"ఎందుకు కూలుతదో రాసిన్రా బిడ్డా?"

చాలా కారణాలున్నాయి. మొదటిది చదివి చెప్పాను: కలిపేటప్పుడు నీళ్లు ఎక్కువైతే బలం తగ్గుతుందని.

"గా స్లాబుకు నీళ్లు నేనే మోస్తుంటి," అంది అత్త.

మిగతా కారణాలు చెప్పబోతే వినలేదు. ఏడవనూ లేదు.

కొన్నాళ్లకు ఇంకా లావు పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"గిండ్ల వేరే రాసిన్రేమో సూడు బిడ్డా."

అది విమానాల్లో వాడే లోహాల గురించిన పుస్తకం. స్లాబుల ఊసే లేదు.

"రాసిన్రత్తా," అన్నాను.

కొంగుతో అట్ట తుడుచుకుని పుస్తకం లోపలికి తీసుకుపోయింది. ఏం రాశారని మాత్రం అడగలేదు. ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు.