రాజక్క ఇవ్వని ఫోటో

నిన్న పొద్దున ఆరింటికి సుబేదారి నుంచి మేనల్లుడి ఫోన్.

"మామా, అమ్మ లేస్తలేదే" అన్నాడు.

"గట్టిగ పిలువురా" అన్నాను నేను. ఎంత పిచ్చి మాట!

మా రాజక్క పోయింది. అక్కకు తొంభై ఎనిమిది, నాకు తొంభై నాలుగు. ఫుల్ లైఫ్ కదా తాతా అంటున్నారు అందరూ. ఆ మాట వింటుంటే ఒళ్లు మండుతోంది.

నేను చెబుతుంటే మనవరాలు ఈ పోస్టు టైప్ చేస్తోంది. తిట్లు ఉండొద్దని షరతు పెట్టింది. సరే అన్నాను గానీ, చూద్దాం.

అక్క ఫోటోలు తీసేదని మీ అందరికీ తెలుసు. ఎందుకు మొదలుపెట్టిందో తెలియదు.

పగతో మొదలుపెట్టింది.

నైజాం రోజులు. కొత్తవాడలో మాది దర్రీలు నేసే ఇల్లు. అమ్మ మంచం పట్టింది. అమ్మది ఒక్క ఫోటో కూడా లేదు.

బజార్లో స్టూడియో ఆయన్ని ఇంటికొచ్చి తీయమని బతిమాలాం. "మీ గల్లీలకు నా కెమెరా రాదు. ముసలామెనే ఎత్తుకరాండ్రి" అన్నాడు.

ఆయన పేరు రాయను. అక్క నివాళిలో ఆ పేరుకు చోటు లేదు.

అప్పుడు నాకో తెలివి పుట్టింది. మనమే ఒక కెమెరా కొందాం, కొత్తది మన వల్ల కాదు గానీ సెకండ్ హ్యాండ్ అయితే అందుతుంది అని. ఆయన దగ్గరే పాత మడత కెమెరా ఒకటి అమ్మకానికి ఉంది. ఇప్పుడు మీరు మీడియం ఫార్మాట్ అంటున్నారే, అదే. రీలుకు ఎనిమిది ఫోటోలు.

లెన్స్ చూశాను, తళతళలాడుతోంది. షట్టర్ నొక్కాను, టక్కుమంది. అంతే, పడిపోయాను.

అక్క చూపు మాత్రం లెన్స్ వెనక మడతలు మడతలుగా తెరుచుకునే తోలు తిత్తి మీద ఉంది. నేసేవాళ్లం కదా, ఏది చేతికొచ్చినా వెలుతురుకు పట్టి చూడటం అలవాటు. చేయి చాపింది.

"ఏయ్ పిల్లా, చెయ్యి పెట్టకు! చెమట తగిల్తే ఖరాబైతది" అని కసిరాడు ఆయన.

నేనేమన్నానో తెలుసా?

"నువ్వు జర ఊకో అక్కా, నీకేం తెల్సు" అన్నాను.

కొనేశాం. అమ్మను మంచంతో సహా వాకిట్లోకి తెచ్చాం. అక్క తల దువ్వి బొట్టు పెట్టింది. ఎనిమిదీ తీశాను. చివరి దానికి అమ్మ నవ్వింది కూడా.

ఆయన దగ్గరే రీలు కడిగిస్తే ఎనిమిదింట్లోనూ అమ్మ ముఖం మీద తెల్లటి చారలు. కళ్లు లేవు, నవ్వు లేదు.

"ఎండల రీలు తెరిచిండ్రు. నేనేం జేత్త?" అన్నాడు ఆ పెద్దమనిషి.

ఇంకో రీలు హైదరాబాద్ నుంచి వచ్చేలోపే అమ్మ పోయింది.

కర్మలన్నీ అయ్యాక అక్క తలుపులు మూసి, గది చీకటి చేసి, ఆ తిత్తి లోపల టార్చిలైటు పెట్టింది. జల్లెడ! మడత మడతకూ చిల్లులు. వాటిలోంచి దూరిన వెలుతురే అమ్మ ముఖాన్ని చెరిపేసింది. చిల్లుల చుట్టూ మసి, జిగురు. అమ్మే ముందు ఎవరో పూశారు. నాలుగుసార్లు తెరిచి మూసేసరికి పగిలి రాలిపోయింది.

అంటే తెలిసే అమ్మాడు, దొంగ... (ఇక్కడ మనవరాలు ఒక మాట తీసేసింది.)

అక్క ఏడవలేదు. "వాని దుకాణం మూయించకపోతే నేను అమ్మ బిడ్డనే కాదు" అంది.

చిల్లులకు నల్ల గుడ్డ అంటించి, ఆ కెమెరాతోనే ఫోటోలు నేర్చుకుంది. మంచం మీదున్న ముసలివాళ్లందరికీ ఇంటికెళ్లి తీసింది. పాత కెమెరా కొనాలనుకున్న రైల్వే వాళ్లూ, మిల్లు వాళ్లూ ముందు అక్కకు చూపించేవారు. అక్క టార్చి పెట్టి చూపించేది, ఆయన ఏం చేశాడో చెప్పేది. చెప్పిందే చెప్పేది. విసుగన్నదే లేదు.

ఆన్‌లైన్‌లో పాత ఫిల్మ్ కెమెరాలు కొంటున్న పిల్లలూ, మీరూ వినండి. లెన్స్ మెరుపు చూసి పడిపోకండి. చీకట్లో తిత్తి లోపల లైటు పెట్టి చూడండి. వద్దన్నవాడి దగ్గర కొనకండి.

రెండేళ్లలో స్టూడియో మూతపడింది. ఆ రోజు మా ఇంట్లో పాయసం.

తర్వాత ఒకరోజు ఆయనే మా గడప దగ్గరికొచ్చాడు. కెమెరాలన్నీ అమ్ముకున్నాడు. వాళ్లమ్మ ఇవాళో రేపో అన్నట్టుంది. "ఒక్క ఫోటో తియ్యి చెల్లె" అని చేతులు జోడించాడు.

నేను వద్దన్నాను. అక్క వెళ్లింది. తీసింది. హనుమకొండలో కడిగించింది. ముఖం స్పష్టంగా వచ్చింది.

ఇవ్వలేదు.

వాళ్లమ్మ పోయాక మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ అక్కది ఒకటే మాట. "మా అమ్మ ముఖం నాకు చూపియ్యి. మీ అమ్మ ముఖం నీకు చూపిస్త."

మూడోసారి ఏడుస్తూ పోయాడు. అక్కది రాతి గుండె అంది వాడంతా. నాకు మాత్రం కడుపు నిండింది. ఇప్పటికీ నిండే ఉంది.

నిన్న అక్కకు స్నానం చేయించి, చీర కోసం పెట్టె తెరిచారు. అడుగున గుడ్డలో చుట్టి ఆ ఫోటో. ఒక్క మరక లేదు. దిండుకు ఆనుకుని ముసలామె సూటిగా చూస్తోంది.

"వాళ్ల మనుమలు ఈడనే ఉన్నరు మామా, ఇచ్చేద్దాం. ఇంకెందుకు ఈ పగ" అన్నాడు మేనల్లుడు.

ఇవ్వలేదు. అక్క చేతుల కింద పెట్టి చితి మీదికి పంపించాను. తప్పే కావచ్చు. కామెంట్లలో తిట్టండి, మనవరాలు చదివి వినిపిస్తుంది.

అక్కా, ఆయన సంగతి సరే. ఆ రోజు నిన్ను ఊకోమన్నది నేను. ఇన్నేళ్లలో నువ్వా మాట ఎత్తలేదు. నన్ను మాఫ్ చేశావో లేదో నేనూ అడగలేదు. ధైర్యం చాలలేదు.

అమ్మ ముఖం నాకు గుర్తుకు రావడం లేదు. నువ్వన్నా కళ్లారా చూసుకో.

చల్లగా నిద్రపో రాజక్కా. వానికి మాత్రం ఆ నిద్ర వద్దు.