కరవని కుక్కకు సన్మాన పత్రం

కర్నూలులో ఎవరికి శాలువా కప్పాలన్నా సన్మాన పత్రం నా చేతే రాయించేవారు. తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, ఖాళీగా ఉంటాను, అడిగితే కాదనను. సీమలో అన్నిటికీ కరువే గానీ నా దగ్గర విశేషణాలకు మాత్రం ఎప్పుడూ లేదు. పైగా సన్మాన పత్రంలో రాసింది ఎవరూ నమ్మరు. అదే నా ధైర్యం.

ఒకసారి జంతుప్రేమికుల సంఘంవాళ్లు గొప్ప పని చేసిన కుక్కలకూ, వాటిని సాకే మనుషులకూ అవార్డులు పెట్టారు. ఎర్రగుంట్లలో సిమెంటు లారీలు ఆగే యార్డు పక్కన టీ బంకు నడిపే ఒకామెనూ, ఆమె గోధుమరంగు కుక్కనూ ఎంపిక చేశారు. జరిగింది ఇంతే: మిట్టమధ్యాహ్నం ఒక హమాలీ నీడ కోసం లారీ కింద పడుకున్నాడు. డ్రైవరు చూసుకోకుండా బండి స్టార్ట్ చేశాడు. కుక్క ఎదురుగా నిలబడి మొరిగింది. ఎంత హారన్ కొట్టినా కదల్లేదు. తరమడానికి దిగిన డ్రైవరు కింద మనిషిని చూశాడు.

ఉత్త మొరుగుడుకు పత్రంలో బరువేముంటుంది? "సింహంలా లంఘించి, డ్రైవరు పిక్కను కోరలతో ఒడిసిపట్టి, నెత్తురు చిందినా విడువక..." అని రాశాను.

సభలో చదువుతుంటే చప్పట్లే చప్పట్లు. చదువురాని ఆమె మాత్రం నా పక్కకు వచ్చి మెల్లగా అడిగింది.

"యెవుర్ని కరిసింది సార్? పిల్లి వొస్తే పక్కకు జరుగుతాది ఇది."

"అది అలంకారం లేమ్మా."

ఆమె నవ్వి, కుక్క మెడలో దండ సర్దింది. కుక్క అందులో ఒక బంతిపువ్వు నమిలి ఉమ్మేసింది. నా రచనపై వచ్చిన ఏకైక నిజాయితీ గల విమర్శ అదే.

ఫ్రేము కట్టిన పత్రాన్ని ఆమె బంకులో అందరికీ కనబడేలా తగిలించుకుంది.

కొన్నాళ్లకు యార్డులో వాచ్‌మన్‌ను ఏదో కుక్క కరిచింది. ఏ కుక్కో అతనూ సరిగా చూడలేదు. కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు టీ తాగుతూ ఫ్రేము చదివాడు. మరుసటి పొద్దున ఆమె నాకు ఫోను చేసింది.

"సార్, దీన్ని సంపుతామంటాండారు. ఇది కరవదు సామీ అంటే, నువ్వే గోడకు తగిలిచ్చుకోని మాకు చెప్తాండావా అంటారు. రాసినాయన వచ్చి అబద్ధమని కాగితమ్మీద రాసిస్తే ఇడిచిపెడతారంట. ఇప్పుడే బస్సెక్కండి సార్."

ఆ సాయంత్రం సన్మానం నాకు. ఇన్నేళ్లుగా పత్రాలు రాసినందుకు నాకూ ఒక పత్రం.

"రేపు పొద్దున్నే వస్తానమ్మా. అంతవరకు దాన్ని కట్టేసుకో" అన్నాను.

శాలువా కప్పించుకుని వచ్చి కాగితం రాసుకున్నాను. 'ఈ కుక్క ఎవరినీ కరవలేదు. నేను అబద్ధం రాశాను.' నా జన్మలో ఒక్క విశేషణమూ లేకుండా రాసింది అదొక్కటే. తెల్లారి దాన్ని జేబులో పెట్టుకుని వెళ్లేసరికి బంకు గుంజకు తాడు మాత్రం ఉంది.

"నిన్న మాపటేల పాలకు పోయొచ్చేలోపల కట్టెలతో కొట్టినారు సార్" అంది ఆమె, స్టవ్వు మీద నుంచి చూపు తిప్పకుండా. "మీరు చెప్పినారని కట్టేసింటి. లేకుంటే ఉరికిపోయుండు."

జేబులో కాగితం జేబులోనే ఉండిపోయింది. ఆమె నాకు టీ ఇచ్చింది. నేను తాగాను కూడా. తర్వాత ఆమె స్టూలెక్కి ఫ్రేము తీసి, కొంగుతో దుమ్ము తుడిచి నా చేతిలో పెట్టింది.

"దీన్ని ఎత్తుకపోండి సార్. పొద్దున్నుంచి ఈడ ఇంకోటి తిరుగుతాండాది."

బెంచీ కింద ఒక బక్క కుక్క బన్ను ముక్క తింటోంది.

తిరుగు బస్సులో ఫ్రేము ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్క సీటాయన మెడ చాపి చివరిదాకా చదివాడు.

"యెవురు రాసినారో గానీ, శానా బాగా రాసినారప్పా!"

"థాంక్సండీ" అన్నాను, అలవాటు కొద్దీ.