పాత అచ్చూ, నాన్న చేతులూ

మొన్న భిలాయి స్మృతి నగర్‌లో మా మనవరాలు తన గృహప్రవేశం కార్డు కంప్యూటర్‌లో తయారు చేసుకుంటూ, ఈ ఇంగ్లీషు అక్షరాల్లో ఏవి బాగున్నాయో చెప్పమని నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తుంటే, ఒకచోట ఓ అనే అక్షరం కొంచెం పక్కకి తల వాల్చి కనిపించింది, అంతే, నేను దాని మీద వేలు పెట్టి ఉండిపోయాను. బీపీ మాత్ర వేసుకున్నావా అని అడిగింది పిల్ల.

మా నాన్న విజయనగరంలో ప్రెస్సు కంపోజిటర్. స్టీలు ప్లాంటు కడుతున్న రోజుల్లో మా బాబాయిల వెంట భిలాయి వచ్చాడు గాని ప్లాంటులో చేరలేదు, క్యాంప్ 1 సందులో ఒక సేఠ్ పెట్టిన చిన్న ప్రెస్సులో చేరాడు. ఊరంతా ఇనుము కోసం వస్తే ఈయన సీసం కోసం వచ్చాడని అమ్మ దెప్పేది. మీలో ఆ కాలం ప్రెస్సులు చూసినవాళ్ళకి తెలుసు, ఒక్కో సీసపు అక్షరాన్నీ ఏరి పేర్చి పేజీ కట్టడం, అచ్చయ్యాక మళ్ళీ విప్పి గళ్ళపెట్టెలో ఏ గడిలోది ఆ గడిలో వేయడం ఎంత ఓపిక పనో.

ఆ ప్రెస్సులో ఒకే సైజులో రెండు రకాల ఇంగ్లీషు అచ్చులుండేవి, ఓల్డ్ స్టైలని ఒకటి, మోడరనని ఒకటి, దేని గళ్ళపెట్టె దానిదే. నాన్నకి మొదటిదంటే ప్రాణం. ఇటలీలో, అయిదొందల ఏళ్ళ కిందట, ఏటవాలుగా చెక్కిన కలంతో రాసేవాళ్ళ చేతిరాతని చూసి వాటిని పోతపోశారనీ, అందుకే ఓ తల వాల్చి ఉంటుందనీ, అక్షరాల పాదాలు నిలువుగీతలోంచి మెత్తగా ఒంపు తిరిగి వస్తాయనీ చెప్పేవాడు. కాగితం నున్నబడ్డాక, జనానికి వెంట్రుకంత గీతల మీద మోజు పుట్టాక, నిటారుగా నిలబడే మోడరన్ వచ్చిందట. ఆ మోడరన్‌కీ నూట యాభై ఏళ్ళు దాటాయని నవ్వేవాడు. ఇదంతా ఆయనకి ఎవరు చెప్పారో నేనెప్పుడూ అడగలేదు, అడగవలసినవి మనం ఆ వయసులో అడగం కదా.

నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు నాన్న కళ్ళకి పొర కమ్మడం మొదలైంది. ఆస్పత్రికి వెళ్తే సేఠ్‌కి తెలుస్తుందని భయం, తెలిస్తే మా అయిదుగురి కూడూ పోతుందని భయం. అక్షరాలు ఏరడానికి ఆయనకి పెద్దగా చూపు అక్కర్లేదు, ఏ గడి ఎక్కడుందో చేతికే తెలుసు. విప్పి వేయడమే కష్టం, ఎందుకంటే రెండు రకాలూ వేళ్ళకి ఒకేలా తగిలేవి, కంటితో చూస్తే తప్ప ఏది ఏదో తెలియదు. అందుకని మధ్యాహ్నం సేఠ్ భోజనానికి వెళ్ళిన వేళ నేను క్యారియర్ పట్టుకెళ్ళి, నాన్న తింటుండగా ఆ పని చేసిపెట్టేదాన్ని.

ఒకరోజు ఒకే కాగితంలో రెండు రకాలూ వాడిన పేజీ విప్పాలి. ఆవేళే పిన్ని నన్ను పవర్ హౌస్ బజారుకి చీర కొనడానికి తీసుకెళ్తానంది. ప్రెస్సు వాకిట్లో నిలబడి తొందర పెడుతోంది. నేను గుప్పెళ్ళతో ఓల్డ్ స్టైల్ గళ్ళలోకే అన్నీ సర్దేశాను, చూసింది తక్కువ, వేసింది ఎక్కువ. పోనీ, రేపొచ్చి సరిచేస్తాననుకున్నాను. రేపు రానే వచ్చింది, కొత్త చీర సంబరంలో నాకా మాటే గుర్తు రాలేదు.

తర్వాతి వారం, ప్లాంటు కట్టడానికి వచ్చి తన దేశానికి తిరిగి వెళ్తున్న ఒక రష్యా ఇంజనీరుకి ఇంగ్లీషులో వీడ్కోలు పత్రం అచ్చు వేయమని ప్లాంటు ఆఫీసరొకాయన అడిగాడు. నాన్న తనకిష్టమైన ఓల్డ్ స్టైల్లోనే కట్టాడు. ప్రూఫు చూసినవాళ్ళు స్పెల్లింగులు చూశారు గాని అక్షరాల వాలకం చూడలేదు. మంచి కాగితం మీద అచ్చయ్యాక తెలిసింది, బియ్యంలో రాళ్ళలా మెత్తని అక్షరాల మధ్య నిటారు అక్షరాలు. పత్రం అడిగిన ఆఫీసరు దాన్ని బల్ల మీద పడేసి వెళ్ళిపోయాడు. సేఠ్ ఏమిటిది అన్నట్టు నాన్న వైపు చూశాడు. అప్పుడే క్యారియర్‌తో లోపలికి వచ్చిన నన్ను నాన్న తెలుగులో అడిగాడు, సేఠ్‌కి అర్థం కాకుండా.

"అమ్మా, ఆ పేజీ ఇప్పినప్పుడు సూసే ఏసినావా?"

"సూసే ఏసినాను నాన్నా" అన్నాను.

నాన్న కాసేపు తన వేళ్ళకేసి చూసుకున్నాడు. "మేరీ ఆంఖే గయీ, సేఠ్‌జీ" అన్నాడు, నా కళ్ళు పోయాయి అని. సేఠ్ చెడ్డవాడు కాదు, ఇంక రానక్కర్లేదని మెల్లగానే చెప్పాడు.

అన్నయ్య చదువు మానేసి ప్లాంటులో బరువులు మోసే ఖలాసీగా చేరాడు, ఇల్లు గడిచింది. రెండేళ్ళకి ఆపరేషన్ చేయిస్తే నాన్నకి చూపు కూడా వచ్చింది. పక్కనే కోహ్కాలో కొత్త ప్రెస్సు వాళ్ళు రమ్మన్నారు. నాన్న వెళ్ళలేదు. నువ్వు సరిగానే వేశావు కదమ్మా, మరి నా చెయ్యే తెలీకుండా వేరే పెట్టెలోకి పోయిందన్నమాట, చెయ్యి తప్పినవాడు ఇంక కంపోజిటర్ ఏమిటి అన్నాడు. అప్పుడైనా చెప్పాల్సింది. ఆయన పోయేదాకా ఇంకో పదకొండేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం, చెప్పలేదు.

ఇప్పుడు ఆ పెట్టెలూ లేవు, ఆ సీసమూ లేదు, మనవరాలు వేలు తాకిస్తే పేజీ మొత్తం ఒక రకం నుంచి ఇంకో రకంలోకి మారిపోతోంది, ఒక్క అక్షరమూ పక్కదానిలో కలవదు, కలిసినా క్షణంలో సరిపోతుంది. మంచిదే, ఎవరి కళ్ళ మీదా ఎవరి అన్నమూ ఆధారపడనక్కర్లేదు. కాని నా తండ్రి తన చేతుల్ని అనుమానించుకుంటూ పోయాడు. అవి ఎన్నడూ తప్పలేదు.